పింఛను మంజూరు కాకముందే దాని మీద అప్పా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం, స్పైనా బైఫిడా. కాళ్లకు ఊతమిచ్చే కాలిపర్స్ వేసుకుని నడుస్తాను. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పట్టణంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 23 వేలు. ఇంట్లో అమ్మా నేనే. వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య పరీక్ష సదరానికి స్లాట్ బుక్ చేశాను. నెలకు 6 వేల వికలాంగుల పింఛను ఖాయమని అందరూ అంటుంటే, లోన్ యాప్‌లో 50 వేలు తీసుకుని మూడు చక్రాల స్కూటర్‌కు అడ్వాన్సు కట్టాను. మిగతా మొత్తానికి పర్సనల్ లోన్ తీసుకుని పింఛనుతో ఈఎంఐ కట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. అసలు మీకు ఆ పింఛను వచ్చే అవకాశమే దాదాపు లేదు. అడ్డం వచ్చేది వైకల్య శాతం కాదు, మీ జీతం. కుటుంబ ఆదాయం పట్టణాల్లో నెలకు 12 వేలు, పల్లెల్లో 10 వేలు దాటితే పింఛనుకు అర్హత ఉండదు. ఖాయమని చెప్పినవాళ్లు ఈ సంగతి చెప్పారా? ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి కాబట్టే మీకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

శాతం సంగతి కూడా చూద్దాం. సదరం డాక్టర్లు జబ్బు పేరు చూసి శాతం వేయరు. కాళ్లలో బలం ఎంత, నడక ఎలా ఉంది, వెన్ను ఎంత వంగింది అన్నవే చూస్తారు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరికి 70 రావచ్చు, ఇంకొకరికి పింఛనుకు కావలసిన 40 కూడా రాకపోవచ్చు. పాత ఆపరేషన్ కాగితాలు, ఎంఆర్‌ఐ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. శాతం అన్యాయంగా తగ్గించారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. పింఛను మంజూరైనా అది శాశ్వతమని అనుకోకండి. 2025లో పాత సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించి, 40 శాతం లోపు తేలినవారికి పింఛను రద్దు నోటీసులు ఇచ్చారు. అలాంటి డబ్బును నమ్ముకుని ఏళ్ల తరబడి ఈఎంఐ పెట్టుకుంటారా?

అలాగని సదరం మానేయకండి. ఆ సర్టిఫికెట్‌తో మీకు పింఛను కంటే పెద్ద లాభం ఉంది. ఉద్యోగులకు వైద్యం, జబ్బు సెలవులో డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐలో చేరడానికి జీతం పరిమితి మామూలు ఉద్యోగులకు 21 వేలే, వికలాంగులకు 25 వేలు. మీ సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే, 40 శాతం సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కు ఇచ్చి పేరు చేర్చమనండి. మీ వాటాగా జీతంలో కోసేది నెలకు 170 రూపాయల చిల్లర. దానికి మీ ఇద్దరికీ వైద్యం అందుతుంది. తగినంత కాలం చందా కట్టాక మీరు జబ్బుపడి సెలవు పెడితే, ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కూ ఇదే సర్టిఫికెట్. పన్ను మినహాయింపు గురించి మీ జీతానికి ఆలోచించనక్కర్లేదు.

మీ ఉత్తరంలో దాచిన డబ్బు ఊసే లేదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. మామూలుగా ఆరు నెలల ఖర్చులు పక్కన ఉంచమంటాను, మీకైతే తొమ్మిది నెలలవి. మూత్రంలో ఇన్ఫెక్షన్, స్పర్శ లేని చోట పుండు, వెన్నుకు మళ్లీ ఆపరేషన్... వీటిలో ఏది వచ్చినా వారాల తరబడి పనికి వెళ్లలేరు. ఈఎస్‌ఐ ఇచ్చే 70 శాతం కూడా వెంటనే చేతికి రాదు. ఆ రోజు మళ్లీ లోన్ యాప్ తెరిస్తే ఇక బయటపడలేరు. నెలకు 3 వేలతోనైనా ఈ నెలే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. దాన్ని స్కూటర్‌కు గానీ, పండక్కి గానీ, బంధువులకు గానీ కదిలించకూడదు.

యాప్ అప్పు గురించి మెత్తగా చెప్పడం నా వల్ల కాదు. రాని ఆదాయాన్ని చూపించుకుని అంత వడ్డీకి అప్పు చేయడం ధైర్యం కాదండీ. అమ్మగారి దగ్గర బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ముందు దాన్ని తీర్చేయండి. స్కూటర్ కోసం వికలాంగుల సంక్షేమ శాఖ ఉచిత వాహనాల నోటిఫికేషన్ చూస్తుండండి, అయితే వాటికి ఎక్కువ శాతం అడుగుతారు. డీలర్ అడ్వాన్సు వెనక్కి ఇస్తాడేమో ఈ వారమే అడగండి. కొంత కోసుకుని ఇచ్చినా తీసుకోండి.