మాత్ర పెరుగన్నంలో పెట్టొద్దు

చి. బుజ్జికి,

గుణుపురం స్టేషన్ దగ్గర పడున్న ఆడకుక్కని ఇంటికి తెచ్చేసుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో ఒకటే తిట్లు. నాకు మురిపెంగానూ ఉంది, గుండె దడగానూ ఉంది. ఒళ్లంతా గోమార్లు, ముక్కులోంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు అంటే గోమార్లతో వచ్చే ఎర్లికియా జ్వరమే అయ్యుంటుంది.

ముందు నీ సంగతి. రేబిస్ టీకా మొదటి డోసు పడందే దాన్ని ముట్టుకోకు. 0, 7, 21 రోజుల్లో మూడూ పూర్తి చెయ్యి. ఆ తర్వాతైనా సరే, కరిస్తే సబ్బూ నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజొకటి, మూడో రోజొకటి మళ్లీ వేయించుకోవాలి. కారం అద్దమనే వాళ్లుంటారు. వినకు గుంటా, నీకు మొహమాటం ఎక్కువ.

దాని రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, కిడ్నీ, లివర్ చూడమని పశువుల డాక్టరుకి చెప్పు. బేబీసియా కూడా. అదీ గోమారితో వచ్చేదే, కానీ ఎర్లికియాకి ఇచ్చే డాక్సీసైక్లిన్ మాత్రకి లొంగదు.

ఇక అందరూ బోల్తా పడేది ఆ డాక్సీ దగ్గరే. కిలోకి 10 మిల్లీగ్రాముల లెక్కన రోజూ, 28 రోజులు. కుక్క 12 కిలోలుంటే రోజుకి 120. మూడో రోజుకో నాలుగో రోజుకో జ్వరం దిగి తోక ఊపుతుంది. అంతే, మాత్రల పట్టీ గూట్లోకెక్కిపోతుంది! జ్వరం తెచ్చిన క్రిమి మాత్రం ప్లీహంలో, ఎముక మూలుగలో దాక్కుంటుంది. నెలల తర్వాత మూలుగే దెబ్బతిని రక్తం తయారవడం ఆగిపోతే డాక్టరు చేతిలో కూడా పెద్దగా ఏమీ మిగలదు. రెండో పొరపాటు ఇంకా ముద్దుగా ఉంటుంది: మాత్ర చేదని పెరుగన్నంలో దాచి పెడతారు. పాలు, పెరుగులో ఉన్న కాల్షియం మందుని పట్టేసుకుని ఒంటికి పూర్తిగా అందనివ్వదు. పాలిపోయిందని పోసే ఐరన్ టానిక్‌దీ అదే పని, రెండిటికీ మూడు గంటలైనా ఎడముండాలి. కోడిమాంసం కలిపిన అన్నం ముద్దలో పెట్టు. వెనకే సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్కనుంచి మెల్లగా పట్టు. పొడి మాత్ర గొంతు గొట్టంలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

మందు పూర్తయ్యాక కూడా ఎర్లికియా కిట్ పరీక్ష నెలల తరబడి పాజిటివ్ చూపించొచ్చు. బెంబేలెత్తకు, ప్లేట్‌లెట్లు పెరిగాయా అన్నదే చూడు. అవి నిలకడగా రెండు లక్షలు దాటే దాకా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఊసెత్తకు. నొప్పికని మన ఇంట్లో ఉండే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేశావంటే కడుపులో రక్తం కారుతుంది.

తిండి రోజుకి నాలుగైదుసార్లు, కొంచెం కొంచెం. బక్కచిక్కిన కుక్కకి ఒక్కసారే పళ్లెం నింపి పెడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికొస్తుంది.

గోమార్లని వేళ్లతో నలపకు, అగరొత్తితో కాల్చకు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిన్నగా లాగి సబ్బునీళ్లలో వెయ్యి. ఆడ గోమారి కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది, కనక మీ వసారా మట్టిగోడ బీటలు మెత్తించాకే కుక్కని తీసుకురా. పశువులకి కొట్టే మందు అందాజుగా కలిపి పోసేవు, జాగ్రత్త. మెడ మీద వేసే చుక్కల మందు బరువుని బట్టి డాక్టరే రాస్తాడు.

ముందు దాన్ని తూయించి ఎన్ని కిలోలుందో ఫోన్ చెయ్యి. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దమ్మ,
పర్లాకిమిడి