స్వీడన్ పంపించమంటున్న అబ్బాయి, ఖమ్మం నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా ల్యాప్‌టాప్‌లో ట్యూన్లు కడుతుంటాడు. ఇంజినీరింగ్ చేయను, మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ని అవుతాను, మాక్స్ మార్టిన్ కూడా చదువు మధ్యలో ఆపేశాడు, నన్ను స్వీడన్ పంపించండి అంటున్నాడు. వాళ్ల నాన్నకీ వాడికీ మాటల్లేవు. ఏం చేయమంటారు?

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన పేరు అల్లాటప్పా పేరు కాదు. మాక్స్ మార్టిన్ స్వీడన్‌కి చెందిన మ్యూజిక్ ప్రొడ్యూసర్, అంటే పాటలు కట్టి, వాటి రికార్డింగ్‌ని చివరిదాకా తీర్చిదిద్దే మనిషి. బ్రిట్నీ స్పియర్స్ మొదటి హిట్ నుంచి నిన్నమొన్నటి టేలర్ స్విఫ్ట్, ‘ది వీకెండ్’ అనే గాయకుడి పాటల దాకా ఆయన రాసినవాటిలో ఇరవైకి పైగా అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లాయి. స్వీడన్ జనాభా కోటికి కాస్త ఎక్కువ, అంటే తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు, అంత చిన్న దేశం నుంచి ‘అబ్బా’, రాక్సెట్, ఏస్ ఆఫ్ బేస్ అనే బృందాలు, అవీచీ అనే డీజే, ఇంతమంది ప్రపంచమంతా వినిపించారంటే ఆ వయసు పిల్లాడికి ఆశ పుట్టడంలో తప్పేముంది? వాళ్ల నాన్నగారికి ముందు ఈ మాట చెప్పండి, బాబు ఎంచుకున్నది పనికిమాలిన సరదా కాదు, ఒక వృత్తి.

అయితే బాబు ఆ కథను సగమే చదివాడు. మాక్స్ మార్టిన్ చదువు ఆపేసిన మాట నిజమే, కానీ అంతకు ముందే బడి పిల్లల కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచే సంగీత తరగతుల్లో ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాయిద్యం నేర్చుకున్నారు. స్వీడన్‌లో ఊరూరా మున్సిపాలిటీలే ఇలాంటి సంగీత పాఠశాలలు నడుపుతాయి, తక్కువ ఫీజుతో పిల్లలు వాయిద్యం నేర్చుకోవచ్చు. తన విజయానికి ఆ ప్రభుత్వ సంగీత విద్యే కారణమని ఆయనే చెప్పుకున్నారు. ఆ తర్వాత ఒక రాక్ బ్యాండ్‌లో పాడారు, అది పెద్దగా ఆడలేదు. 1990ల మొదట్లో స్టాక్‌హోమ్‌లోని షైరాన్ స్టూడియోలో డెనిజ్ పాప్ అనే ప్రొడ్యూసర్ దగ్గర చేరి, ప్రొడ్యూసర్ అంటే ఏం చేస్తాడో కూడా అప్పటికి సరిగ్గా తెలియని స్థితి నుంచి, రెండేళ్ల పాటు రాత్రింబవళ్లు ఆ స్టూడియోలోనే ఉండి పని నేర్చుకున్నారు. బ్రిట్నీ పాట వచ్చింది 1998లో. మీ అబ్బాయి ఈ మధ్య ఏళ్లన్నీ వదిలేసి, బడి మానేసిన రోజు నుంచి సరాసరి నంబర్ వన్‌కి దూకేస్తున్నాడు.

మిగతావాళ్ల సంగతీ అంతే. ‘అబ్బా’ 1974లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ గెలిచేనాటికి ఆ బృందంలోని బెన్నీ, బ్యోర్న్ ఇద్దరూ 1960ల నుంచీ వేరు వేరు బృందాల్లో వాయిస్తూ పాడుతూ ఉన్నవాళ్లే, అంతకు ముందు ఏడాది స్వీడన్ ఎంపిక పోటీలోనే వాళ్ల పాట మూడో స్థానంతో ఆగిపోయింది. రాక్సెట్‌కి మాత్రం అదృష్టం కలిసొచ్చింది, స్వీడన్‌లో చదువుకుని వెళ్లిన ఒక అమెరికన్ విద్యార్థి వాళ్ల ఆల్బమ్ పట్టుకెళ్లి మినియాపొలిస్ రేడియో స్టేషన్‌లో ఇస్తే 1989లో అందులోని ‘ది లుక్’ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, కానీ ఆ కుర్రాడి చేతికి ఇవ్వడానికి అప్పటికే పూర్తయిన ఆల్బమ్ ఉంది కదా.

చదువుకుని పైకొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. స్వీడన్‌కే చెందిన సినిమా సంగీత దర్శకుడు లుడ్విగ్ యోరన్‌సన్ స్టాక్‌హోమ్ రాయల్ కాలేజీలో సంగీతం చదివి, లాస్ ఏంజెలెస్ వెళ్లి యూఎస్‌సీ అనే విశ్వవిద్యాలయంలో సినిమా సంగీతం చదివి, అక్కడే ఒక సంగీత దర్శకుడి దగ్గర అసిస్టెంట్‌గా చేసి, ఆ తర్వాత 2019లో, 2024లో ఆస్కార్లు అందుకున్నారు. అంత దూరం ఎందుకు, 2023లో ఆస్కార్ అందుకున్న మన కీరవాణి గారు కూడా ముందు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పని చేసినవారే. బాబుకి ఈ రెండు పేర్లూ చెప్పండి, నాన్నగారికీ చెప్పండి.

ఇక స్వీడన్ పంపడం. ఇంటర్ అయిన వెంటనే వద్దు, ఇది నా గట్టి అభిప్రాయం. అక్కడ డిగ్రీ స్థాయి కోర్సులు ఎక్కువగా స్వీడిష్ భాషలోనే ఉంటాయి, యూరప్ బయటి విద్యార్థులకు 2011 నుంచి ఫీజులు పెట్టారు, పైగా మంచి సంగీత కాలేజీ ఏదైనా వాయించి చూపించమంటుంది లేదా చేసిన పని పంపమంటుంది. అప్పు చేసి పంపాక అక్కడ తేలేదేదో ఇక్కడే తేల్చుకోవచ్చు.

ఇక్కడ ఏం చేయాలంటే, ఇంజినీరింగ్ ఇష్టం లేనివాడిని బలవంతంగా చేర్పించకండి, నాలుగేళ్ల ఫీజూ పోతుంది, పిల్లాడూ దూరమవుతాడు. అలాగని డిగ్రీ మాన్పించకండి. కాస్త ఊపిరి ఆడే బీఎస్సీ, బీఏ, బీకామ్ ఏదైనా సరే, హైదరాబాద్‌లో చేరనివ్వండి, ఎందుకంటే రికార్డింగ్ స్టూడియోలు ఉన్నది అక్కడ. సంగీతం మాత్రం గురువు దగ్గర మొదటి నుంచి నేర్చుకోవాలి, కీబోర్డ్ అయినా గాత్రం అయినా. రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి, మన పిల్లలు అటు చూడనే చూడరని నాకు నిజంగా బాధ. పాశ్చాత్య సంగీతమే కావాలంటే చెన్నైలో రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం కన్జర్వేటరీ ఉంది. డిగ్రీ చేస్తూనే ఏదైనా స్టూడియోలో కీబోర్డ్ ప్రోగ్రామర్ పక్కనో, మిక్సింగ్ చేసేవాళ్ల పక్కనో కూర్చునే అవకాశం వెతుక్కోమనండి, మొదట్లో డబ్బులు రాకపోయినా సరే.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే తెలియాలి. స్వీడన్‌లో పాట రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే స్టిమ్ అనే సంస్థ 1923 నుంచే ఉంది. మనకు అలాంటి సంస్థే ఐపీఆర్ఎస్ ఉంది, 2012లో కాపీరైట్ చట్టం మార్చాక సినిమా పాటల మీద కూడా స్వరకర్తకూ, రచయితకూ రాయల్టీ హక్కు గట్టిపడింది. ఎవరైనా కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టొద్దని బాబుకి చెప్పండి.

ఇంకొకటి, తల్లిగా మీరే చూసుకోవాల్సింది. అవీచీ ఆరోగ్యం దెబ్బతిని 2016లో స్టేజీ షోలు ఆపేశాడు, 2018లో ఇరవై ఎనిమిదేళ్లకే చనిపోయాడు. తెల్లవార్లూ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే అలవాటు ఇప్పటి నుంచే వద్దు. నిద్ర, తిండి, స్నేహితులు ఉండాలి. టెన్షన్ పడుతున్నట్టు కనిపిస్తే పక్కన కూర్చుని అడగండి, అవసరమైతే డాక్టర్‌కి చూపించండి.

ఇంటర్ పరీక్షలు అయ్యాక వేసవిలో మూడు పాటలు పూర్తి చేయమనండి. సగం ట్యూన్లు కాదు, మాటలతో, ఎవరైనా పాడి, మిక్సింగ్ కూడా అయిన పాటలు. వాటిని ఇంట్లోవాళ్లకి కాకుండా ఆ పని తెలిసిన ఇద్దరికి వినిపించి, వాళ్లు ఏమన్నారో నాకు రాయండి. అప్పుడు కాలేజీల పేర్లు, ఫీజులు వివరంగా మాట్లాడుకుందాం.