చిన్నపిల్లల కూచిపూడి క్లాసు: ముందు తాళం, తర్వాతే అరమండి

కాలనీ కమ్యూనిటీ హాల్లో ఐదారేళ్ల పిల్లలకు కూచిపూడి నేర్పుతుంటే కాసేపటికే అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) వదిలేసి పరుగులు పెడుతున్నారని, ఒక పాప మాత్రం గోడ పక్క నుంచి కదలడం లేదని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. ఆ వయసుకు అంతసేపు అరమండిలో ఉండటం నిజంగానే కష్టం.

అడవులతో, అంటే నాట్యంలోని మూల అడుగులతో, మొదలుపెట్టకుండా ముందు తాళం నేర్పండి. గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించండి. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, రెండూ కలిపితే ఏడు. నోటితో పలకడం వచ్చాక అదే లెక్కకు హాలంతా నడిపించండి, పరుగులు పెట్టాలన్న సరదా అక్కడే తీరుతుంది. అరమండి ఆ తర్వాతే. అదీ ఒక్క అడవు, మొదటి కాలంలోనే, అంటే నెమ్మది వేగంలోనే. రెండో కాలానికి తొందర వద్దు. హస్తాల (చేతి ముద్రల) శ్లోకం వల్లె వేయించే ముందు వాటిని కథలో వాడండి: మయూరంతో నెమలి, మత్స్యంతో చేప, కూర్మంతో తాబేలు.

ఆ పాపను దయచేసి ముందు వరసలోకి లాగకండి. మీ పక్కన కూర్చోబెట్టుకుని తాళం వేసే పని ఇవ్వండి. చూస్తూ కూడా నేర్చుకుంటుంది. వాళ్లమ్మ కాసేపు ఉంటానంటే ఉండనివ్వండి.

నేల సిమెంటుదైతే పాదాలు గట్టిగా కొట్టించకండి, మడమలు నొప్పెడతాయి. ప్రాక్టీసు చీర కూడా ఇప్పుడే కొనమనొద్దు. చుడీదార్ మీద చున్నీ నడుముకు బిగించి కడితే చాలు.