అమెరికాలో కాల్స్‌లో నా ఇంగ్లిష్ అర్థం కావట్లేదంటున్నారు. యాస పోగొట్టే క్లాసుకు డబ్బు కట్టాలా?

కట్టకండి. ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే పనిలో ఉండి చెబుతున్న మాట ఇది. డాలస్‌లో కొత్త ఉద్యోగంలో చేరానని, అవతలివాళ్లు మాటిమాటికీ ‘సారీ?’ అంటుంటే నోరు విప్పాలంటేనే భయమేస్తోందని రాశారు. మీరు మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కానీ ఆ క్లాసులో అవి చెప్పరు. ‘ర’ని అమెరికా పద్ధతిలో నాలుక మడిచి పలకడంతోనే నెల గడిచిపోతుంది.

యాస గట్టిగా ఉండటం, మాట అర్థం కాకపోవడం, అర్థం చేసుకోవడానికి వినేవాళ్లు శ్రమపడటం - ఈ మూడూ వేరు వేరు. చైనా భాష మాండరిన్ మాతృభాషగా గల 10 మంది ఇంగ్లిష్‌ని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 18 మందికి వినిపించి, విన్నది రాయమన్నారు. యాసకు మార్కులు కూడా వేయమన్నారు. 1995లో అచ్చయిన ఆ పరిశోధనలో, ‘చాలా గట్టి యాస’ అని మార్కు పడిన వాక్యాలనే పొల్లుపోకుండా రాసిన సందర్భాలు బోలెడు కనిపించాయి. యాస ఉన్నంత మాత్రాన మాట చెడదు.

మరి తప్పెవరిది? చాలాసార్లు వినేవాళ్లదే. అమెరికా యూనివర్సిటీల్లో విదేశీ టీచింగ్ అసిస్టెంట్ల ఇంగ్లిష్ మీద ఫిర్యాదులు జోరుగా ఉన్న రోజుల్లో, జార్జియా యూనివర్సిటీలో డొనాల్డ్ రూబిన్ ఒక ప్రయోగం చేశాడు. ఒహాయోలో పెరిగిన అమెరికన్ మహిళ చేత నాలుగు నిమిషాల పాఠం చదివించి టేపు చేయించాడు. వినడానికి 62 మంది డిగ్రీ విద్యార్థుల్ని కూర్చోబెట్టాడు. టేపు నడుస్తున్నంతసేపూ ఎదురుగా ఒక ఫొటో ఉంటుంది. కొందరికి తెల్లజాతి స్త్రీ ఫొటో, కొందరికి చైనా స్త్రీ ఫొటో. గొంతు మాత్రం ఒక్కటే. పాఠం అయ్యాక ఖాళీలు పూరించే పరీక్ష పెట్టాడు. చైనా ముఖం చూసినవాళ్లకు టేపులో లేని విదేశీ యాస వినిపించింది. పరీక్షలోనూ వాళ్లకే తక్కువ మార్కులొచ్చాయి. ఇది 1992లో అచ్చయింది. మీ ముఖం చూడగానే, పేరు చదవగానే కొంత తీర్పు జరిగిపోతుంది. దాన్ని మీ నాలుకతో సరిచేయలేరు, ఆ బరువు మీ నెత్తిన వేసుకోకండి.

ఈ అన్యాయం అమెరికాలోనే ఉందనుకోవద్దు. హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో తెలుగు మీడియం పిల్లాడు ‘జీరో’లో ‘జ’ని తెలుగు ‘జ’లా పలికితే చాలు, అతని కోడ్ ఎంత బాగున్నా ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసేస్తారు. రాసేది కూడా తెలుగువాళ్లే. నాకు దీని మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు.

సరే, మీ చేతిలో ఉన్నవాటికి వద్దాం. మొదటిది ఊనిక, అంటే పదంలో ఏ అక్షరాన్ని సాగదీసి, స్వరం పెంచి పలుకుతారన్నది. ఇంగ్లిష్ వినేవాళ్లు ఆ అక్షరాన్ని పట్టుకునే పదాన్ని వెతుక్కుంటారు. మనం తెలుగు అలవాటు కొద్దీ ‘ఈవెంట్’లో ‘ఈ’ని సాగదీస్తాం. వాళ్ల చెవి ‘ఈవెన్’ దగ్గరకు పోతుంది, వాక్యం తప్పిపోతుంది. సాగాల్సింది ‘వెం’. ‘హోటల్’లో రెండో భాగం, ‘డెవలప్’లో నడిమిది సాగాలి. మిగతావాటిని మింగినట్టు పొట్టిగా వదిలేయాలి. రోజూ ఆఫీసులో వాడే పదాలు ఒక యాభై రాసుకుని, నిఘంటువులో ఊనిక గుర్తు చూసుకుని దిద్దుకోండి. ఏ క్లాసు కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

వాక్యంలోనూ ఇదే కథ. నొక్కి చెప్పాలంటే మనం ‘ఏ’ చేరుస్తాం: గురువారమే. ఇంగ్లిష్‌లో ఆ పని గొంతు చేయాలి. అన్ని పదాల్నీ ఒకే ఎత్తులో, ఒకే వేగంతో చదివేస్తే ముఖ్యమైనదేదో వాళ్లకు తెలియదు. 2004లో లారా హాన్ ఒకే ఉపన్యాసాన్ని ఊనిక సరిగా పడినట్టు, తప్పు చోట పడినట్టు, అసలు లేనట్టు మూడు రకాలుగా వినిపించింది. సరిగా పడినప్పుడే విన్నవాళ్లకు విషయం ఎక్కువ గుర్తుంది.

హల్లుల్లో రెండే పట్టించుకోండి. పదం మొదట్లో వచ్చే ప, ట, క లకు గాలి చాలదు. అందుకే మన ‘కోట్’ వాళ్లకు ‘గోట్’లా వినబడుతుంది. నోటి ముందు పల్చటి కాగితం పెట్టుకుని పలకండి, కాగితం కదిలితే సరిపోయినట్టు. రెండోది ‘వ’. తెలుగులో ఒక్కటే ఉంది, ఇంగ్లిష్‌లో రెండు. పడమర అనే ‘వెస్ట్’కి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. చొక్కా మీద తొడిగే ‘వెస్ట్’కి పైపళ్లు కింది పెదవిని తాకాలి. ‘థింక్’లో ‘థ’, ‘దిస్’లో ‘ద’ మన పద్ధతిలోనే ఉన్నా ఫరవాలేదు, వాటివల్ల మాట తప్పిపోవడం అరుదు. కానీ క్లాసుల్లో మొదట దిద్దేది వీటినే, ఖర్మ.

కాల్ గురించి ఇంకొక్క మాట. పాత ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. ‘స’, ‘ఫ’ ల తేడా తెలిపే శబ్దం చాలావరకు అంతకు పైనే ఉంటుంది కాబట్టి అక్కడే పోతుంది. అది మీ తప్పు కాదు. వీలైతే ఇంటర్నెట్ కాల్, మంచి హెడ్‌సెట్ వాడండి. ‘ఫిఫ్టీన్’ అన్నాక ‘వన్ ఫైవ్’ అని కూడా చెప్పండి. కొత్త గొంతుకు చెవి అలవాటు పడటానికి ఒక నిమిషం దాకా పడుతుంది. అందుకని అసలు సంగతిని మొదటి వాక్యంలోనే పెట్టకండి. వాళ్లకు ముందే తెలిసిన విషయంతో మొదలుపెట్టండి.

ఈ వారమే ఒక పని చేయండి. రాసుకోకుండా ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి, తెలుగు రాని సహోద్యోగికి ఇచ్చి, విన్నది విన్నట్టు రాయమనండి. ‘నా యాస ఎలా ఉంది?’ అని మాత్రం అడగొద్దు. తప్పు రాసిన పదాలకు గీత పెట్టండి. నూటికి తొంభై అయిదు సరిగ్గా వస్తే మీ ఇంగ్లిష్‌కి ఏ చికిత్సా అక్కర్లేదు. లేదంటే గీత పడినవాటినే దిద్దుకుని, నెల తర్వాత ఇంకో మనిషికి అదే పరీక్ష పెట్టండి. మొదటివాళ్లకు మీ గొంతు అప్పటికే అలవాటైపోయి ఉంటుంది.