చి. లావణ్యకు, ఇటుక బట్టీ పిల్లల గురించి

చి. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటుక బట్టీల్లో పనికొచ్చిన ఒడిశా కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చుకుంటున్నావనీ, చుట్టుపక్కల బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఆ సంగతే మిగతా టీచర్లకు చెప్పబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మీ బడికీ ఆ బట్టీలకూ మధ్య రాజీవ్ రహదారి ఉంది. బొగ్గు లారీలు, ఇసుక ట్రాక్టర్లు ఆగకుండా తిరిగే రోడ్డు అది. ఏడేళ్ల పిల్లను ఒంటరిగా దాటనివ్వకు. ఉదయం, సాయంత్రం ఒక పెద్దమనిషి వెంట, గుంపుగా రావాలి. దూరం 1 కిలోమీటరు దాటితే రవాణా భత్యం కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇప్పుడే రాసిపెట్టు. బట్టీలో మట్టి తవ్విన గుంతల్లో నీళ్లుంటాయి. వాటి చుట్టూ ముళ్లకంప వేయించమని ఓనరును గట్టిగా అడుగు. దీనికి మొహమాటపడకు.

చేర్చుకోవడం కష్టమేం కాదు. టీసీ లేదనీ, పుట్టిన తేదీ కాగితం లేదనీ, ఏడాది మధ్యలో వచ్చారనీ కాదనే వీలు విద్యాహక్కు చట్టం ఇవ్వలేదు. వయసుకు తల్లిదండ్రుల మాట రాయించుకుంటే చాలు. వాళ్లు ఏళ్లు లెక్కపెట్టలేకపోతే పుట్టాక ఎన్ని నువాఖాయిలు, అంటే వాళ్ల కొత్త పంట పండుగలు, అయ్యాయో అడుగు, టక్కున చెప్తారు.

తెలుగు రాదు కదా అని పదేళ్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టకు. వయసుకు తగ్గ తరగతిలోనే వేసి, విడిగా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కనీసం 3 నెలలు, అవసరమైతే 2 ఏళ్ల దాకా. ముందు లెక్కలు పెట్టి చూడు. వెయ్యి ఇటుకల లెక్కన కూలి తీసుకునే ఇంట్లో పుట్టినవాడికి వందలు, వేలు నోటికి వచ్చి ఉంటాయి. రాయడమే రాదు.

డిక్టేషన్‌లో 'నెల'కు 'నేల', 'కొన'కు 'కోన' రాస్తే ఎర్రపెన్ను తీయకు. ఒడియా లిపిలో ఎ, ఏ రెంటికీ ఒకే అక్షరం, ఒ, ఓలకూ అంతే. ఆ తేడా వాళ్ల చెవికి కొత్త. రోజూ పది జతలు పలికించు, చేత్తో గుణింతం చూపించు. ఇంకో సంగతి, ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల పిల్లలు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. పుస్తకం ఒడియా కూడా వాళ్లకు కొంచెం దూరమే. తడబడితే చదువు రాదని తేల్చేయకు.

మొదటి గంటలో కునికిపాట్లు పడితే తిట్టకు తల్లీ. బట్టీలో పని తెల్లవారుజాముకు ముందే మొదలవుతుంది, పిల్లలూ ఆరబెట్టిన పచ్చి ఇటుకలు తిరగేస్తుంటారు. అరగంట పడుకోనీ. చంటి తమ్ముడిని చంకనేసుకొచ్చిన పిల్లను గుమ్మం దగ్గర ఆపకు. పక్కనే అంగన్‌వాడీ ఉంటే ఆయమ్మతో మాట్లాడు. తమ్ముడికి చోటు దొరికితేనే అక్కకు చదువు.

ఇక అసలు సంగతి. మన దగ్గర ఏళ్ల తరబడి జరుగుతున్న తప్పు ఒకటుంది, ఎవరూ దాన్ని తప్పనుకోరు. నవంబరు, డిసెంబరుల్లో పిల్లల్ని సంబరంగా చేర్చుకుంటారు, ఫొటోలు దిగుతారు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు వస్తాయి. తెల్లవారకముందే పనిలో దిగిన ఇంటి నుంచి పిల్లలు పొద్దున 8 గంటలకు రాలేరు, సగం మంది అక్కడే జారిపోతారు. ఏప్రిల్ 23, 24 ప్రాంతంలో బడి మూసేస్తారు. బట్టీ మాత్రం వానలు పడేదాకా నడుస్తుంది. మధ్యాహ్న భోజనం ఆగిపోయి, పిల్లలు ఎండలో ఇటుకల మధ్య పడతారు. జూన్ 12న బడి తెరిచేసరికి ఒక్క కుటుంబమూ ఉండదు. హాజరు పట్టీలో పేరు మాత్రం మిగులుతుంది. అక్కడ ఒడిశాలో వాళ్ల ఊరి బడివాళ్లు బడి మానేసినవాడి కింద ఎప్పుడో రాసేసి ఉంటారు. దేశంలోని బడులన్నిటి వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పేరు మన బడిలో ఇరుక్కుంటే అక్కడి హెడ్‌మాస్టరు చేర్చుకోవాలన్నా ఎక్కించుకోలేడు. ఆరు నెలలు కష్టపడి నేర్చిన పిల్లవాడు అక్కడ మళ్లీ పాత తరగతిలో కూర్చుంటాడు, లేదా అసలు కూర్చోడు. మన లెక్కలో చేరిక, వాళ్ల లెక్కలో మానివేత. రెండింటి మధ్య పిల్లవాడే పోయాడు!

కాబట్టి వెళ్లే రోజు సంగతి చేర్చుకున్న రోజే చూడు. ఊరు, బ్లాకు (మన మండలం లాంటిది), జిల్లా, అక్కడి బడి పేరు, హెడ్‌మాస్టరు ఫోను, యూడైస్‌లో పిల్లవాడికి ఇచ్చే శాశ్వత నంబరు (పెన్) ఉంటే అది, అన్నీ ఆ రోజే రాసుకో. పేరు అక్షరాలు అక్కడి బడి రిజిస్టరులో ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించు. ఏప్రిల్ మొదటి వారంలో టీసీలన్నీ రాసి సంతకం, ముద్ర వేయించు, చివరి పనిదినం దాకా ఆగకు. తెలుగులో రాసిన టీసీ బలంగీర్‌లో ఎవరు చదువుతారు? ఇంగ్లిష్‌లో రాయి. దానికి ఇంకో పేజీ జత చెయ్యి: ఎన్ని రోజులు వచ్చాడు, లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చాడు, ఒడియా ఎంత చదవగలడు, తెలుగు ఎంత వచ్చింది. ఒక ప్రతి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికి ఇవ్వు, ఒకటి బడిలో ఉంచు, ఒక ఫొటో వాళ్ల ఫోనులో వెయ్యి. మూటల్లో కాగితాలు తడిసిపోతాయి. వాళ్లు రైలెక్కారని తెలియగానే యూడైస్‌లో పేరు విడుదల చేసి అక్కడి హెడ్‌మాస్టరుకు ఫోను చెయ్యి.

తిరిగెళ్లాక చదువు సాగాలంటే రోజూ ఒక పేజీ ఒడియా కూడా చదివించు. ప్రభుత్వ చదువుల యాప్ దీక్షాలో ఒడిశా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి, ప్రింటు తీయించు. మన భాష నేర్పి వాళ్ల భాష మరిపిస్తే తిరిగెళ్లి ఏం చదువుతారు?

మన పిల్లలు వాళ్లను వేరే దేశంవాళ్లని అంటుంటారు. పాఠం చెప్తే పోదు. జనవరిలో పౌష పున్నమికి వాళ్లు ఛెర్‌ఛెరా ఆడుకుంటారు, ఇల్లిల్లూ తిరిగి వడ్లు అడుగుతారు. సంక్రాంతి దగ్గర్లోనే కదా, బడిలో ఇద్దరి పండుగా చేయించు. తరగతి లీడరు ఎన్నిక పెట్టినప్పుడు వాళ్లనూ ఓటెయ్యనీ, నిలబడనీ. పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఒక బట్టీ తల్లిని కూర్చోబెట్టు. మీటింగు ఆమె పని ముగిశాక పెట్టు, పక్కన హిందీ వచ్చినవాళ్లు ఒకరుండాలి. దేశంలో ఎక్కడైనా ఉండే, పని చేసుకుని బతికే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిందని ఆమె ముందు చదివి వినిపించు.

కాంప్లెక్స్ మీటింగులో ఉపన్యాసం వద్దు. ఒక పిల్లవాడి నోటుబుక్కు, డిసెంబరు పేజీ, మార్చి పేజీ పక్కపక్కన చూపించు. టీసీకి జత చేసే పేజీ నమూనా అందరికీ జిరాక్స్ ఇచ్చిరా. బట్టీలున్న ప్రతి ఊరి టీచరు ఫోను నంబరు రాసుకో. సీజను మధ్యలో కుటుంబాలు ఒక బట్టీ నుంచి ఇంకో బట్టీకి మారుతుంటాయి.

రోడ్డు సంగతి ఏం చేశావో ఈ ఆదివారం ఫోను చేసి చెప్పు. వేళకు తిను.

మీ పెద్దమ్మ