స్కిజోఫ్రెనియాకు మైలిన్ మందు ఉందా? మీ తమ్ముడి విషయంలో నా జవాబు

మీ 22 ఏళ్ల తమ్ముడికి స్కిజోఫ్రెనియా అని కడపలో డాక్టరు చెప్పారని రాశారు. మెదడులోని ఆలిగోడెండ్రోసైట్లు అనే కణాలు దెబ్బతినడం వల్లే ఈ జబ్బు వస్తుందని ఎక్కడో చదివారు. ఎంఆర్‌ఐ తీయిస్తే అది తెలుస్తుందా, ఇప్పటి మాత్రలు మాన్పించి, ఆ కణాలు తయారుచేసే మైలిన్ అనే నరాల తొడుగును పెంచే మందు వేయించవచ్చా అని అడిగారు. చివరి దానికి ముందు జవాబు చెబుతాను. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ, తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతుంది. మిగతావి నెమ్మదిగా చెబుతాను.

నేను అనంతపురంలో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. వైద్యురాలిని కాను. మా తమ్ముడికీ ఇదే జబ్బు. ఇంజనీరింగ్ చదువుతుండగా మొదలైంది. పక్కింటి టీవీలో తన పేరే చదువుతున్నారని చెవులకు దూది పెట్టుకుని కూర్చునేవాడు. అందుకే మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను.

నాడీకణం నుంచి బయలుదేరే పొడవాటి తంతువును ఆక్సాన్ అంటారు. దాని మీద చుట్టలు చుట్టలుగా ఉండే కొవ్వు పొరే మైలిన్. మెదడులో, వెన్నుపాములో ఆ పొరను చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తెగా వెండి లవణాలతో రంగు పట్టించి, 1921లో వీటిని ప్రత్యేకమైన కణాలుగా వర్ణించారు. ఒక్కో కణం కొమ్మలు చాచి, వేర్వేరు ఆక్సాన్ల మీద నలభై యాభై చోట్ల దాకా తొడుగు వేయగలదు.

మన ప్రాంతం పిల్లలకు దీన్ని నేను హంద్రీనీవా ఎత్తిపోతల కాలువతో పోల్చి చెబుతాను. మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీరు జీడిపల్లి చేరాలంటే దారిలో ఇంకిపోకుండా కాలువ గట్టిగా ఉండాలి, మధ్యమధ్యలో పంపుహౌసులు నీటిని మళ్లీ ఎత్తాలి. మైలిన్ చేసేది మొదటి పని. తొడుగుకూ తొడుగుకూ మధ్య వదిలిన సన్నని ఖాళీలు, అంటే రాన్వియర్ కణుపులు, చేసేది రెండో పని. సంకేతం ప్రతి కణుపు దగ్గరా బలం పుంజుకుని తర్వాతి కణుపుకు దూకుతుంది. తొడుగు లేని సన్నని తంతువులో సెకనుకు మీటరు అటూ ఇటూగా నడిచే సంకేతం, మంచి తొడుగున్న లావు తంతువులో వంద మీటర్లు దాటుతుంది. ఈ కణాలు తాము చుట్టిన ఆక్సాన్‌కు లాక్టేట్ రూపంలో శక్తిని కూడా అందిస్తాయని 2012లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఇక మానసిక జబ్బుల సంగతి. మైలిన్ తొడుగు పుట్టుకతోనే పూర్తయిపోదు. చూపు, కదలికలకు సంబంధించిన భాగాల్లో ముందుగా ఏర్పడుతుంది. ఆలోచన, నిర్ణయం, నిగ్రహం నడిపే ముందు భాగంలో ఇరవైల వయసు దాటేవరకూ ఏర్పడుతూనే ఉంటుంది. స్కిజోఫ్రెనియా ఎక్కువగా బయటపడేదీ ఆ వయసులోనే. మరణించిన రోగుల మెదడు కణజాలాన్ని పరిశీలించినప్పుడు మైలిన్‌కు సంబంధించిన జన్యువుల చురుకు తగ్గినట్టు 2001లో ఒక బృందం గమనించింది. 2003లో మరో బృందం స్కిజోఫ్రెనియాతో పాటు బైపోలార్ జబ్బులోనూ అదే చూసింది. కాబట్టి మీరు చదివింది గాలి మాట కాదు.

అయితే 'దానివల్లే వస్తుంది' అన్న మాట దగ్గర ఆగాలి. తొడుగు లోపం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బుతో బతకడం వల్ల తొడుగు సన్నబడిందా, లేక రెండింటికీ వెనుక వేరే కారణం ఉందా అన్నది ఇంకా తేలలేదు. మీ తమ్ముడి మాత్రలు ప్రధానంగా డోపమిన్ అనే మెదడు రసాయనం మీద పనిచేస్తాయి. వినిపించే గొంతులను, అనుమానాలను అవి తగ్గిస్తాయి. ఆలోచన మందగించడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వంటివి వాటికి అంతగా లొంగవు. మెదడులోని తెల్లని పదార్థం, అంటే మైలిన్ తొడుగులున్న తంతువుల కట్టలు, ఈ మందగమనంతో ముడిపడి ఉన్నట్టు స్కానింగు పరిశోధనలు చూపుతున్నాయి. మా తమ్ముడు గొంతులు తగ్గాక కూడా ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి అంతసేపు ఎందుకు తీసుకుంటాడో నాకు ఇది చదివాకే అర్థమైంది. బద్ధకం అని బంధువులు అంటే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ కోపానికి కారణం చెప్పగలుగుతున్నాను.

మైలిన్ దెబ్బతినడంతో పాటు మనసు కూడా చెదిరే జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో మీ ఇంట్లో ఎవరికైనా రాగలిగినది, తేలిగ్గా చికిత్స చేయగలిగినది విటమిన్ బి12 లోపం. దీన్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఆదోనిలో ఉండే మా మేనత్త ఎవరో తన బియ్యం డబ్బా ఖాళీ చేస్తున్నారని అనుమానించడం మొదలుపెట్టింది. పూర్తి శాకాహారి, పైగా చక్కెర జబ్బుకు చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది; ఈ రెండింటి వల్లా ఒంట్లో బి12 తగ్గవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే, ఆయన అనుమానాల గురించి విన్నాక చెప్పులు విప్పించారు. శృతిదండాన్ని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, 'అదురు తెలుస్తోందా అమ్మా?' అని అడిగారు. మోకాలి దగ్గరకు వచ్చేవరకూ ఆమెకు ఏమీ తెలియలేదు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే తూలిపోతున్నానని అప్పుడు చెప్పింది, అంతవరకూ మాకెవరికీ చెప్పలేదు. అదురును, కాళ్లు ఎక్కడున్నాయో తెలిపే సమాచారాన్ని మోసే వెన్నుపాము తంతువుల తొడుగు బి12 లేక చెడుతుంది. రక్తపరీక్షలో అదే తేలింది. ఇంజెక్షన్లు మొదలయ్యాక కొన్ని నెలల్లో అనుమానాలు పోయాయి. పాదాల తిమ్మిరి కొంత మిగిలింది. రక్తహీనత లేకపోయినా ఈ లోపం ఉండవచ్చు. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగిపోతుంది.

మీ తమ్ముడికి బి12, థైరాయిడ్ పరీక్షలు జరిగాయో లేదో డాక్టరును అడగండి. రెండూ మామూలు రక్తపరీక్షలే. థైరాయిడ్ హార్మోను కూడా తొడుగు ఏర్పడటానికి అవసరం.

ఎంఆర్‌ఐ విషయానికి వస్తే, స్కిజోఫ్రెనియాను అది నిర్ధారించదు. పరిశోధనల్లో కనిపించే తేడా వందలమంది రోగుల సగటుకూ, వందలమంది ఆరోగ్యవంతుల సగటుకూ మధ్య ఉండేది. ఒక్క మనిషి ఫిల్ము చూసి ఇతనికి మైలిన్ తక్కువ, అందుకే ఈ జబ్బు అని ఎవరూ చెప్పలేరు. వేరే జబ్బు ఉందేమో చూడటానికే డాక్టర్లు దాన్ని రాస్తారు. నడక మారడం, తూలడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్, చదువులో ఉన్నట్టుండి బాగా వెనకబడటం, ఇలాంటివి ఉంటే తప్పక చెప్పండి. మీ అమ్మానాన్నలది మేనరికమైతే అదీ చెప్పండి, మొహమాటపడకండి. మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రొఫీ అనే అరుదైన వంశపారంపర్య జబ్బులో మైలిన్ క్రమంగా నశిస్తుంది. యుక్తవయసులో మొదలైతే, మొదట అచ్చం మానసిక జబ్బులాగే కనిపించవచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బు కాబట్టి దగ్గరి సంబంధాల్లో దానికి అవకాశం పెరుగుతుంది. మీ తమ్ముడికి అదే ఉందని భయపడనక్కర్లేదు. డాక్టరుకు మాత్రం ఆ సమాచారం కావాలి.

మైలిన్ పెంచే మందుల పేరుతో మీరు చూసింది బహుశా క్లెమాస్టిన్ గురించి అయి ఉంటుంది. అది అలర్జీకి వాడే పాత మందు. ఎలుకల్లో కొత్త మైలిన్ ఏర్పడటానికి తోడ్పడింది. మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బున్న రోగుల మీద జరిపిన పరీక్షలో కంటి నరంలో సంకేతాల వేగం కాస్త మెరుగుపడిందని 2017లో ప్రకటించారు. స్కిజోఫ్రెనియాకు అది చికిత్స కాదు. పైగా మత్తును, మలబద్ధకాన్ని పెంచుతుంది, మీ తమ్ముడి మాత్రలతో ఆ బాధలు ఇప్పటికే ఉండవచ్చు. మెదడు నరాలకు బలమంటూ డబ్బాల్లో అమ్మే పొడుల మీద డబ్బు పోయకండి. ఆ డబ్బు మందులకూ ప్రయాణాలకూ పనికొస్తుంది.

ఈ మైలిన్ పరిశోధనల్లో నన్ను బాగా కదిలించింది 2012 నాటిది. పెద్ద ఎలుకలను కొన్ని వారాలు ఒంటరిగా ఉంచితే మెదడు ముందు భాగంలో తొడుగు పలచబడింది, మళ్లీ తోటివాటితో కలిపితే కోలుకుంది. కానీ అదే ఏడాది మరో ప్రయోగంలో, తల్లిపాలు మానిన వెంటనే ఒంటరిగా పెట్టిన పిల్ల ఎలుకలు తర్వాత కలిపినా కోలుకోలేదు. మరో బృందం 2014లో, మెట్లు సమానంగా లేని చక్రం మీద పరుగెత్తడం నేర్చుకోవాలంటే ఎలుకకు కొత్త ఆలిగోడెండ్రోసైట్లు కావాలని చూపింది. ఎలుకల ఫలితాన్ని మనిషికి యథాతథంగా అంటగట్టకూడదని రోజూ పిల్లలకు చెప్పేదాన్నే. అయినా పెద్దయ్యాక కూడా ఈ తొడుగు అనుభవాన్ని బట్టి మారుతుందన్న విషయం మా ఇంట్లో మాకు పట్టుదలను ఇచ్చింది.

మా తమ్ముణ్ని గదిలో ఒంటరిగా వదిలేయం. ప్రసంగాలు చేయం, ప్రశ్నలతో వేధించం. విత్తనానికి వేరుశనగ కాయలు వలిచే రోజుల్లో అవ్వ పక్కన చాట ముందు కూర్చోబెట్టాం. మొదట్లో చేతిలో ఒక కాయ పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. తర్వాత వలవడం మొదలుపెట్టాడు, పుచ్చు గింజలను ఏరి పక్కన పెట్టడం అవ్వ చెప్పకుండానే చేశాడు. దీన్ని చికిత్స అనడం లేదు, మాత్రల వల్లే అంతవరకూ రాగలిగాడు. మాత్రలతో పాటు వేళకు నిద్ర, మనుషుల మధ్య ఒక చిన్న పని ఉండేలా చూడండి. మీ అమ్మగారు తన పెంపకం వల్లే ఇలా అయిందని బాధపడుతుంటే, అది నిజం కాదని ఆమెకు మీరే గట్టిగా చెప్పండి.

రాత్రివేళ పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. తనకు హాని చేసుకుంటాడన్న భయం ఉంటే తెల్లవారే దాకా ఆగకుండా దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మాత్రల వల్ల చేతులు వణుకుతున్నా, బరువు పెరుగుతున్నా డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. పరీక్షల ఫలితాలు వచ్చాక ఇక్కడే రాయండి, నాకు తెలిసినంత వరకూ వివరిస్తాను.