నల్ల స్క్రీన్ ముందు చేతులాడని అమ్మాయికి కోర్సు కావాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. మధురవాడ ఐటీ హిల్ మీద ఒక కంపెనీ ఇంటర్వ్యూలో లైనక్స్ మెషీన్ ముందు కూర్చోబెట్టి, వెబ్ సర్వర్‌కి వచ్చిన రిక్వెస్టులన్నీ లైన్లుగా రాసి ఉండే లాగ్ ఫైల్ ఇచ్చి, ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు) నుంచి ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయో చెప్పమన్నారట. చేతులాడక వచ్చేసింది. 30 వేలు కట్టి లైనక్స్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. ఆ రోజు పాపని అడిగింది నాలుగైదు కమాండ్ల పని. ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే వస్తుంది. విండోస్ 11 అయితే, విండోస్ లోపలే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ ఉచితంగా పెట్టుకోవచ్చు, దాంతో ఉబుంటు అనే లైనక్స్ వచ్చేస్తుంది. ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెప్పే పీడబ్ల్యూడీ, అందులో ఏమున్నాయో చూపే ఎల్ఎస్, వేరే ఫోల్డర్‌కి వెళ్లే సీడీ ఒక్క సాయంత్రంలో చేతికొస్తాయి.

కూర్చుని నేర్చుకోవలసింది పైప్, అంటే ఆ నిలువు గీత. ఒక కమాండ్ ఇచ్చినదాన్ని పక్క కమాండ్‌కి అందిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబడితే 1973లో కెన్ థాంప్సన్ దీన్ని యూనిక్స్‌లో, అంటే లైనక్స్‌కి నమూనా అయిన పాత సిస్టమ్‌లో, చేర్చాడు. పాపకి వచ్చిన ప్రశ్నే చూడండి. లాగ్‌లో ప్రతి లైను మొదట్లో ఐపీ అడ్రస్ ఉంటుంది, దాన్ని కట్ అనే కమాండ్‌తో విడదీయాలి. మాటల మధ్య ఉన్నది స్పేస్ అని కట్‌కి చెప్పాలి, లేకపోతే అది ట్యాబ్ కోసం వెతుకుతుంది. తర్వాత వరుసలో పెట్టే సార్ట్, ఆపైన ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే యూనిక్ (uniq) హైఫన్ సీ, మళ్లీ పెద్ద అంకె ముందు వచ్చేలా సార్ట్ హైఫన్ ఆర్ఎన్, చివర మొదటి పది లైన్లే చూపే హెడ్. ఎక్కువసార్లు వచ్చిన పది అడ్రస్‌లు పైన నిలబడతాయి.

పిల్లలు తరచుగా మొదటి సార్ట్ వదిలేస్తారు. లెక్క తప్పుతుంది, తప్పిందని కూడా తెలీదు. యూనిక్ పక్కపక్కన ఉన్న ఒకే రకం లైన్లనే కలుపుతుంది మరి. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల్ని రకాలవారీగా కుప్పలు పోసుకోకుండా ఏ రకం ఎంతుందో చెప్పగలరా? ఈ కారణం పాప తన మాటల్లో చెప్పగలిగితే, బట్టీ పట్టలేదని ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది.

సాధనకి లాగ్ ఎక్కడిదంటారా? ఉబుంటులోనే డీపీకేజీ లాగ్, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించినవీ తీసేసినవీ రాసుకునే ఫైల్, ఉంటుంది. అందులో మొదటి ముక్క తేదీ. అవే కమాండ్లు నడిపితే ఏ రోజు ఎన్ని లైన్లు పడ్డాయో వస్తుంది.

ఫైళ్లు తుడిచేసే ఆర్ఎం కమాండ్ దగ్గర మాత్రం జాగ్రత్త చెప్పండి. దానికి రీసైకిల్ బిన్ లేదు. కొట్టేముందు అవే పేర్లతో ఎల్ఎస్ కొట్టి, ఏవి పోతాయో చూసుకోవాలి.

రెండు నెలలు రోజూ గంట కూర్చోనివ్వండి. అప్పటికీ సర్వర్ల పనే ఇష్టమంటే రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్ సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష గురించి మాట్లాడుకుందాం. అందులో జవాబులు గుర్తించడం ఉండదు, మెషీన్ మీద చేసి చూపించాలి.